కుచ్చెళ్ళ చేతివిద్య: ఆధారాలు, పునరుద్ధరణ

ఖమ్మం నుంచి వైరా, తల్లాడల మీదుగా సాగే దారి కొత్తగూడెం దాటి భద్రాచలం చేరుతుంది. ఏటా చైత్రశుద్ధ నవమినాడు అక్కడ జరిగే సీతారామ కల్యాణానికి రాష్ట్ర ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించడం ప్రసిద్ధమైన ఆచారం. సమర్పించిన వస్త్రం అలంకారంగా మారడానికి మధ్య ఒక చేతివిద్య ఉంది. వస్త్రాన్ని వేళ్ళతో సమానమైన మడతలుగా తీసి, మూర్తి పరిమాణానికి తగినట్లు కుచ్చెళ్ళు పోసి అమర్చడం వైష్ణవాలయాల అర్చకులు తరతరాలుగా చూసి నేర్చుకొన్న విద్య. గంజిపెట్టి ఆరవేసిన పంచెను ఇద్దరు చెరొక కొస పట్టుకొని మడిచే ఇంటి అలవాటు కూడా ఈ కోవలోనిదే.

ఈ విద్య చరిత్రకు సాహిత్యం ఇచ్చే సాక్ష్యం పాక్షికం. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో వస్త్రభేదాల పేర్లను వరుసగా పేర్కొన్నాడు. కావ్యాలలోని ఇటువంటి వివరాల ఆధారంగానే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రచించాడు. అయితే వస్త్రం పేరు తెలిసినంత మాత్రాన కట్టు తెలియదు. ఆ లోటును శిల్పం కొంత పూరిస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయపు నర్తకీ శిల్పాలలో వస్త్రపు మడతలు, జారే అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ శిల్పంలో మిగిలింది ఫలితమే; మడిచిన క్రమం రాతికెక్కలేదు.

పునరుద్ధరణకు నృత్యరంగం ఒక నమూనా చూపింది. నటరాజ రామకృష్ణ జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని, రామప్ప శిల్పాలను జోడించి పేరిణిని తిరిగి రంగస్థలం మీదికి తెచ్చాడు. గ్రంథం, శిల్పం కలిసి అక్కడ లుప్తమైన కళకు ఆధారమయ్యాయి. కుచ్చెళ్ళ విషయంలో మూడవ ఆధారం కూడా ఉంది. అది ఇంకా బతికి ఉన్న చేయి. కూచిపూడి ఆహార్యంలో సైతం ముందే కుట్టిన విసనకర్ర కుచ్చెళ్ళు స్థిరపడ్డాయి. కుట్టిన చీరలు ఇళ్ళలోకి ప్రవేశించాయి. వేగం, సౌకర్యం దృష్ట్యా ఈ మార్పు సహజమే. అయినా చేయి మరచిపోయినదాన్ని ఏ గ్రంథమూ తిరిగి నేర్పలేదు.

చేతితోపాటు మాట కూడా మరుగున పడుతుంది. కుచ్చెళ్ళు ‘పోయడం’, ‘దోపడం’, చెంగు ‘చెక్కడం’ వంటి క్రియలు ఒక్కొక్కటి ఒక్కొక్క చేష్టను నిక్షేపించుకొన్నాయి. చేష్ట ఆగిన తరువాత ఆ క్రియకు నిఘంటువులో అర్థం మిగులుతుంది గాని అనుభవం మిగలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం చేనేత పదజాలాన్ని క్షేత్రపర్యటనలతో భద్రపరచింది. నేసే మాటలకు జరిగిన ఆ కృషి కట్టే మాటలకూ విస్తరించాలి. అర్చకుల, ఆహార్య నిపుణుల, ఇంటి పెద్దల చేతి కదలికలను వారి మాటలతోనే నమోదు చేసినప్పుడే ఈ విద్య పునరుద్ధరణకు నిలకడైన పునాది ఏర్పడుతుంది. ఆ చేతులు పనిచేస్తున్న కాలంలోనే అది జరగాలి.