గుర్రం చదివిన లెక్క

ఊత్తుకోటలో జీరో పాయింట్ ఎక్కడంటే ఎవరైనా కాలవ గట్టు చూపిస్తారు. ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి వచ్చే కృష్ణా నీళ్లు తమిళనాడులో అడుగుపెట్టేది అక్కడే. మొదటిసారి వచ్చింది 1996లో. నాకు గుండెదడ పట్టుకున్న రోజుల్లో డాక్టరు మందులు రాసి, పొద్దున్నే కాసేపు నీళ్లూ చెట్లూ ఉన్నచోట నడవమన్నారు. అలా ఆ గట్టెక్కాను.

ఓ పొద్దున ఒకతను అక్కడ తెల్లగుర్రాన్ని మేపుకుంటున్నాడు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రం. దగ్గరికెళ్లి చెయ్యి చాపాను. అది చటుక్కున తలెత్తి రెండడుగులు వెనక్కి వేసింది.

"ముందు ఊపిరి వదలన్నా. నువ్వు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటాది" అన్నాడతను.

నేను చాపింది చెయ్యి ఒక్కటే. లోపలి దడ దానికెలా తెలిసింది? ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు. వెతుక్కుంటూ పోతే వందేళ్లనాటి చిక్కుముడి ఒకటి చేతికి తగిలింది.

1904, బెర్లిన్. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, భిన్నాలు, తేదీలు, ఏది అడిగినా గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. మాస్టారు చూడవచ్చినవాళ్ల దగ్గర పైసా తీసుకోలేదు. కార్ల్ స్టంఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఓ బృందం పరిశీలించి, ఇందులో మోసం లేదని ఆ సెప్టెంబరులో తేల్చింది. మోసం లేదు సరే, మరి గుర్రానికి లెక్కలెలా వచ్చాయి?

ఆ ముడి పట్టుకుని కూర్చున్నవాడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు. ముందు జనాన్ని పంపించేశాడు. మాస్టారిని తప్పించి వేరేవాళ్లచేత అడిగించాడు. అయినా గుర్రం జవాబులు చెబుతూనే ఉంది. తర్వాత అడిగేవాడికే జవాబు తెలియకుండా చేశాడు. తెలిసినప్పుడు దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పిన గుర్రం, తెలియనప్పుడు దాదాపు ప్రతిసారీ తప్పింది. అక్కడ వదులైంది ముడి. అంకె ఉన్నది అడిగేవాడి దగ్గర! గుర్రం కళ్ల పక్కన అడ్డుపలకలు పెట్టి చూశాడు. మనిషి కనబడకపోయేసరికి హాన్స్ అతన్ని ఎలాగైనా చూడాలని తన్నుకులాడింది.

ఇక ఫుంగ్‌స్ట్ గుర్రాన్ని వదిలి మనిషిని చూడసాగాడు. ప్రశ్న అడగ్గానే గిట్ట వైపు చూడటానికి తల వెంట్రుకవాసి ముందుకు వంగుతుంది. గిట్ట తట్టడం మొదలవుతుంది. సరైన అంకె రాగానే, హమ్మయ్య అన్నట్టు తల రవ్వంత లేస్తుంది. గిట్ట ఆగుతుంది. తాను కదిలినట్టు అడిగినవాడికే తెలియదు. గుట్టు తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తలను పూర్తిగా అదుపు చేసుకోలేకపోయాడు. ఇదంతా 1907లో పుస్తకంగా వేశాడు.

గుర్రానికి లెక్కలు రావని తేలిన కథగానే లోకం దీన్ని చెప్పుకుంటుంది. నాకది అన్యాయం అనిపిస్తుంది. మనిషి తనకే తెలియకుండా బయటపెట్టుకున్నదాన్ని చదివిన జంతువు అది. వేటాడే మృగాల నడుమ మందగా బతికిన జాతి. పక్కదాని ఒంట్లో బిగువు కనిపెట్టకపోతే ప్రాణం దక్కదు.

హాన్స్ చదివింది తల కదలికను. మరి గుండెదడ సంగతో? దానికి ఆధారం 2009లో స్వీడన్ నుంచి వచ్చింది. పరిశోధకురాలు లిండా కీలింగ్ బృందం కొందరిచేత గుర్రాలను ఒకే దారిలో నాలుగుసార్లు నడిపించింది. నాలుగోసారికి ముందు, ఈసారి పక్కన గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, వెంట ఉన్న గుర్రం గుండె వేగమూ పెరిగింది.

ఇంట్లో ఎవరడిగినా "బాగానే ఉన్నా" అని నెట్టుకొచ్చేవాణ్ని. గుర్రం ముందు ఆ మాట చెల్లదు. అది దగ్గరికి రానివ్వాలంటే భుజాలు నిజంగా దిగాలి. ఊపిరి నిదానంగా వదలాలి, వదిలేకొద్దీ గుండె కూడా నిదానిస్తుంది. మందులు మానమని ఎవరికీ చెప్పను, నేనూ మానలేదు.

ఆ గట్టు నుంచి సరిహద్దు దాటితే పక్కనే సురుటుపల్లి. విషం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకున్న గుడి. ఆ విషం పుట్టిన పాలకడలిలోనే తెల్లగుర్రం ఉచ్చైశ్రవమూ పుట్టింది. కాలవ గట్టుకు వెళ్లినప్పుడల్లా నాకా కథ గుర్తొస్తుంది.

గుర్రం వెనకడుగు వేసిన మర్నాడే మళ్లీ వెళ్లాను. చెయ్యి చాపలేదు. నీళ్లవైపు తిరిగి నిలబడి ఊపిరి వదులుతూ ఉన్నాను. గుర్రం ఒక చెవి నావైపు తిప్పింది. కాసేపటికి ఆ చెవి పక్కకు వాలింది. వెచ్చటి ముక్కు నా మోచేతికి ఆనింది. తర్వాత తల దించి, నా కాళ్ల పక్కన గడ్డి కొరకడం మొదలుపెట్టింది.