సూర్యుని వయస్సు: ఒక బడి లెక్క కథ

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి ఈ లెక్క జ్ఞాపకము ఉండియే ఉండును. ఇంత బరువు గల రాయి ఇంత ఎత్తునుండి నేలపై పడినది. దాని శక్తి యంతయు వేడిగా మారినచో ఆ వేడి ఎంత? మనలో చాలమందిమి సూత్రము వ్రాసి, అంకెలు పెట్టి, జవాబు క్రింద గీత గీసి, ఆ లెక్కను మరచిపోయినవారమే. ఆ రాయి ఎందుకు పడినదని మనము అడుగలేదు. అడిగినచో మాస్టారి సమాధానము ఎట్లుండెడిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పందొమ్మిదవ శతాబ్దములో కొందరు ఈ లెక్కనే సూర్యునికి వర్తింపజేసి చూచినారు. అందువలన పుట్టిన వివాదము తీరుటకు దాదాపు అరువది ఏండ్లు పట్టినది.

ముందుగా సూర్యుని ఖర్చు ఎంతో చూతము. 1838లో పుయే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మసి పూసిన చిన్న పాత్రలో నీరు పోసి, ఎండకు ఎదురుగా నిలిపి, అందులోని ఉష్ణమాపకము ఎంత పైకి ప్రాకినదో గమనించినాడు. సూర్యుని కొలుచుటకు అంతకు మించిన సరంజామా ఆయనకు అవసరము కాలేదు. నేటి కొలతల ప్రకారము భూమి ఉన్న దూరములో, సూర్యునికి అభిముఖముగా నున్న ఒక చదరపు మీటరుపై సెకనుకు సుమారు 1,360 జౌళ్ల శక్తి పడుచున్నది. ఆ దూరము 15 కోట్ల కిలోమీటర్లు. దానిని వ్యాసార్ధముగా తీసుకొని ఒక గోళమును ఊహించి, ఆ గోళపు ఉపరితల వైశాల్యమును 1,360తో హెచ్చవేసినచో 38 ప్రక్కన 25 సున్నలు వచ్చును. అన్ని జౌళ్లు సూర్యుని ఒక్క సెకను ఖర్చు! అందులో మన భూమికి దక్కునది సుమారు 220 కోట్లలో ఒక వంతు మాత్రమే.

ఇంత ఖర్చు చేయువాని ఆస్తి ఎంత? సూర్యుని ద్రవ్యరాశి 2 ప్రక్కన 30 సున్నలు పెట్టినన్ని కిలోగ్రాములు. భూమి చుట్టి వచ్చు కాలమును, దూరమును బట్టి దీనిని గణింపవచ్చును గాని, అందుకు గురుత్వాకర్షణ బలము ఎంతో తెలిసియుండవలె. దానికి దారి చూపినవాడు ఇంగ్లండులో హెన్రీ కావెండిష్. 1797, 98లలో ఆయన సన్నని తీగకు ఒక కఱ్ఱను వ్రేలాడదీసి, దాని రెండు కొనలకు చిన్న సీసపు గుండ్లు కట్టి, వాటిని పెద్ద సీసపు గుండ్లు ఎంత ఆకర్షించునో ఓపికతో చూచి, భూమి సగటున నీటికి 5.48 రెట్లు సాంద్రమని ప్రకటించినాడు. తరువాత వేరొకరు పరిశీలింపగా ఆయన సగటు తీయుటలో చిన్న పొరపాటు చేసినట్లును, ఆయన అంకెలనుబట్టి రావలసినది 5.448 అనియు తేలినది. ఇంతటి ప్రయోగకుశలుడు కూడికలో తప్పినాడని తెలిసినప్పుడు, పరీక్షలో అట్లే తప్పిన మనకు కొంత ఊరట కలుగుట సహజము.

సూర్యుడంతయు మేలైన రాక్షసిబొగ్గు అనుకొందము. కిలోగ్రాము బొగ్గు కాలినచో సుమారు 3 కోట్ల జౌళ్లు. భాగించి చూచినచో సూర్యుడు 5,000 ఏండ్లలో బూడిద కావలె. కాల్చుటకు కావలసిన ప్రాణవాయువును ఈ లెక్కలో చేర్చనే లేదు. ఈజిప్టు పిరమిడ్లకే 4,500 ఏండ్లు దాటినవి గనుక ఈ బొగ్గు నిలువదు.

ఇక్కడ మన రాయి ప్రవేశించినది. జర్మనీలో వైద్యవృత్తిలో నుండిన మేయర్ 1848లో, సూర్యునిపై ఉల్కలు పడుచుండుటవలననే ఆ వేడి పుట్టుచున్నదని వ్రాసినాడు. ఊహ చక్కనిది. బహుదూరమునుండి సూర్యునిపై పడు రాయి సెకనుకు 600 కిలోమీటర్లకు మించిన వేగము పొందును. కిలోగ్రాముకు కిలోగ్రాము, అది బొగ్గుకంటె ఆరువేల రెట్లు వేడి నిచ్చును. కాని ఖర్చుకు సరిపడ ఏటా దాదాపు చంద్రునంత ద్రవ్యము సూర్యునిపై పడవలె. అట్లయినచో సూర్యుని బరువు పెరిగి, ఆకర్షణ హెచ్చి, మన సంవత్సరము ఏటేటా సుమారు రెండు సెకనుల చొప్పున తరుగవలె. పూర్వుల గ్రహణముల వ్రాతలు చేతిలో నున్న ఖగోళజ్ఞులకు అట్టి తరుగుదల ఎక్కడను కనబడలేదు.

1854లో హెల్మ్‌హోల్ట్‌జ్ ఆ రాయిని బయటినుండి తేనక్కరలేదన్నాడు. సూర్యుని పదార్థమే తన కేంద్రమువైపు పడుచున్నది. సూర్యుడు క్రమముగా కుంచించుకొనుచు వేడిని పుట్టించుచున్నాడు. ఏటా కొన్ని పదుల మీటర్లు తగ్గిన చాలును. అంత చిన్న మార్పును ఆనాటి ఏ దూరదర్శినియు పట్టజాలదు. సంవత్సరము తరుగదు, ద్రవ్యము పెరుగదు. ఈ ఆస్తిని సెకను ఖర్చుతో భాగించినచో వచ్చునది రెండు మూడు కోట్ల సంవత్సరములు.

గ్లాస్గోలో ఆచార్యుడుగా నున్న విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డు కెల్విన్, 1862లో ఈ లెక్కను మిక్కిలి ఉదారముగా వేసి, సూర్యుడు 10 కోట్ల ఏండ్లుగా వెలుగుచుండుట సందేహమే యనియు, 50 కోట్లు కాదనుట దాదాపు నిశ్చయమనియు ప్రకటించినాడు. అంతకు మూడేండ్ల ముందే డార్విన్ గ్రంథము వెలువడినది. దక్షిణ ఇంగ్లండులో ఒక్క లోయ కోతపడుటకే 30 కోట్ల ఏండ్లు పట్టియుండునని అందులో ఆయన అంచనా కట్టినాడు. తరువాతి ముద్రణలో ఆ అంచనాను తొలగించినాడు. చీమ నడకవంటి జీవపరిణామమునకు కాలమే పెట్టుబడి. ఆ పెట్టుబడిని భౌతికశాస్త్రము జప్తు చేసినట్లయినది. కెల్విన్ లెక్కలు తనను ఎంతగానో కలతపెట్టుచున్నవని డార్విన్ 1869లో మిత్రుడు వాలెస్‌కు జాబు వ్రాసినాడు. రాళ్లను చదువువారు కోట్లు కోరుచుండగా, గణితము తెలిసినవారు వాటిని తగ్గించుచు వచ్చినారు. 1897 నాటికి కెల్విన్ భూమి వయస్సును 2 నుండి 4 కోట్ల ఏండ్ల నడుమకు దించినాడు.

మనము ఈ జవాబుపత్రము దిద్దవలసివచ్చినచో కెల్విన్‌కు పూర్తి మార్కులు వేయక తప్పదు. సూత్రము సరియే, హెచ్చవేతలు సరియే. లోపమున్నది ‘దత్తాంశము’ అను మొదటి పంక్తిలో. ఆయన కూడ దీనిని ఎరుగనివాడు కాడు. మనకింకను తెలియని వేడి మూలము ఏదియు లేకున్నచో అను నియమము 1862లోనే పెట్టినాడు. కాలము గడచినకొలది ఆ నియమమును ఆయన అనుచరులు మరచినారు. ఆయన కూడ కొంత మరచినట్లే మనకు తోచును.

1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. 1904లో లండనులో రూథర్‌ఫర్డు ఈ విషయముపై ఉపన్యసించుచుండగా ఎనుబదేండ్ల కెల్విన్ సభలో కూర్చుండి కునికిపాట్లు పడుచున్నాడట. భూమి వయస్సు ప్రస్తావన రాగానే ఒక కన్ను తెరచినాడు! క్రొత్త మూలము దొరకనంతవరకే తన లెక్క చెల్లునని కెల్విన్‌గారు ముందే సెలవిచ్చినారని రూథర్‌ఫర్డు అనగానే ముసలాయన ముఖము వికసించినదట. 1911లో ఆర్థర్ హోమ్స్ రేడియోధార్మిక పద్ధతిని బట్టి ఒక శిలకు 160 కోట్ల ఏండ్లకు పైగా వయస్సు కట్టినాడు. దానితో తండ్రికంటె కొడుకు పెద్దవాడైనాడు: సూర్యునికి కోట్లు, భూమికి వందకోట్లు.

సూర్యుని అసలు ఆస్తిజాడ అప్పటికే దొరికియున్నది. అది దొరికిన కథలో మన గుంటూరు కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మదరాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్టణములోను వర్ణపటదర్శినులతో నిలిచినారు. సూర్యుని అంచున లేచిన కెంపు జ్వాలలు ప్రకాశించు వాయువులని ఆనాడు తేలినది. మరునాడు గ్రహణము లేకుండగనే జాన్సెన్ ఆ జ్వాలల గీతలను మరల చూడగలిగినాడు. వాటిలో ఒక పసుపుపచ్చ గీత మొదట సోడియముదని తలపబడినది. ఆ ఏడే ఇంగ్లండులో లాకియర్ అది సోడియపు గీతతో కలియదని నిర్ణయించినాడు. ఆ క్రొత్త ధాతువునకు సూర్యుని గ్రీకు పేరునుబట్టి హీలియమని పేరు వచ్చినది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక యురేనియపు ఖనిజమునుండి వెలికితీసినాడు.

1920లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ పరమాణువులను తూచగా, నాలుగు ఉదజని పరమాణువులకంటె ఒక హీలియము పరమాణువు కొంచెము తేలిక యని తేలినది. తరుగు వెయ్యింట ఏడు పాళ్లు. ఆ ఆగస్టులో కార్డిఫ్ సభలో ఎడింగ్టన్, సూర్యుని ఖర్చంతయు ఈ తరుగునుండి రావచ్చునన్నాడు. కాని సూర్యునిలో అంత ఉదజని ఉన్నదా? మన మేఘనాథ్ సాహా అదే యేట ప్రకటించిన సమీకరణమును పట్టుకొని, 1925లో హార్వర్డులో సిసీలియా పేన్ అను యువతి నక్షత్రములలో మిక్కుటముగా నున్నది ఉదజనియే యని లెక్కగట్టినది. పెద్దలు కాదన్నందున తన ఫలితము బహుశః నిజము కాదని ఆమె తన గ్రంథములోనే వ్రాసికొనవలసి వచ్చినది. నాలుగేండ్లకు, వలదన్న ఆచార్యుడు రసెల్ ఆమె మాటయే నిజమని ఒప్పుకొన్నాడు. ఉదజని హీలియముగా మారు క్రమమును 1939లో బేతె వివరించినాడు.

ఇప్పుడు లెక్క మరల వేయుదము. సూర్యుని ద్రవ్యములో పదింట ఒక పాలు మాత్రమే ఇట్లు మారునని తీసికొందము. అందులో వెయ్యింట ఏడు పాళ్లను కాంతివేగపు వర్గముతో హెచ్చవేసి, సెకను ఖర్చుతో భాగించి, సెకనులను ఏండ్లలోనికి మార్చినచో సుమారు వెయ్యికోట్ల సంవత్సరములు వచ్చును. అందులో గడచినవి 460 కోట్లు.