నంబర్ ఒకటే, లోపలి ముక్క వేరు: 2ఎన్3055 కథ

రిపేర్ షాపుల్లో తరచూ జరిగే ఒక గొడవతో మొదలుపెడదాం. పాత యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోయింది. మెకానిక్ దాని మీద నంబర్ చూసి, అదే నంబర్‌ది కొత్తది తెచ్చి వేశాడు. గంటసేపు పాటలు బాగానే వచ్చాయి, తర్వాత మళ్లీ పొగ. ఓనర్ ఏమో "డూప్లికేట్ వేశావు" అంటాడు. మెకానిక్ ఏమో "అన్నా, నంబర్ నువ్వే చూసుకో, అదే కదా" అంటాడు. కొన్నిసార్లు మెకానిక్ మాట అక్షరాలా నిజం. నంబర్ అదే, కంపెనీ కూడా మంచిదే. కానీ లోపల ఉన్న సిలికాన్ ముక్క మాత్రం పాతది కాదు. ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే 60 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ట్రాన్సిస్టర్ 1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. మొదట్లో వాటిని జెర్మేనియంతో చేసేవారు. జెర్మేనియంకి వేడి అస్సలు పడదు. వేడెక్కితే ఎక్కువ కరెంట్ లాగుతుంది, కరెంట్ ఎక్కువైతే ఇంకా వేడెక్కుతుంది, చివరికి తనను తానే కాల్చుకుంటుంది. మే నెలలో మన పెళ్లి పందిట్లో యాంప్లిఫయర్ పరిస్థితి ఊహించుకోండి! 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సిలికాన్ ట్రాన్సిస్టర్ అమ్మడం మొదలుపెట్టింది. వేడి తట్టుకునే మెటీరియల్ దొరికింది కానీ, ఎక్కువ పవర్ ఇచ్చేవి చాలా ఖరీదు.

1960ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిందే 2ఎన్3055. రెండు స్క్రూలతో హీట్‌సింక్‌కి బిగించే ఇనుప టోపీ లాంటి ట్రాన్సిస్టర్ చూశారు కదా, ఆ షేప్ పేరు టీఓ-3. లిమిట్స్ 60 వోల్టులు, 15 యాంపియర్లు, 115 వాట్లు. చవగ్గా, మొండిగా ఉండడంతో పవర్ సప్లైల నుంచి యాంప్లిఫయర్ల దాకా అన్నిట్లోకి వెళ్లిపోయింది.

ఇంకో కారణం కూడా ఉంది. స్పీకర్‌ని నడపాలంటే ఒకటి నెట్టాలి, ఒకటి లాగాలి. దానికి ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని జత కావాలి. అప్పట్లో సిలికాన్‌లో పెద్ద పీఎన్‌పీ దొరకడం కష్టం. ఆర్‌సీఏలోనే పనిచేసిన హెచ్.సి. లిన్ 1956లో ఒక ఉపాయం చూపించారు. పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ ఒకే రకానివి పెట్టి, జత పని వాటి ముందుండే చిన్న డ్రైవర్ ట్రాన్సిస్టర్లతో చేయించొచ్చు. అందుకే పాత యాంప్‌లలో ఒకేలాంటి 2ఎన్3055లు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. దీనికి పీఎన్‌పీ జత ఎంజే2955, మోటరోలాది.

ఇప్పుడు అసలు పాయింట్. 2ఎన్ అని మొదలయ్యే నంబర్ ఒక కంపెనీ సొంతం కాదు. అది అమెరికన్ సంస్థ జెడెక్ దగ్గర రిజిస్టర్ అయ్యే నంబర్. ఆ లిమిట్స్ అందుకునే పార్ట్ ఎవరు చేసినా ఆ నంబర్ వేసుకోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే నంబర్ అనేది ఇంటర్‌ఫేస్, లోపల కోడ్ ఎవరిది వాళ్లదే.

ఆర్‌సీఏ మొదటి 2ఎన్3055ని హోమెటాక్సియల్ అనే పద్ధతిలో చేసింది. అది నెమ్మది, దాని స్పీడ్ లిమిట్ సుమారు 800 కిలోహెర్ట్జ్. కానీ గట్టిది. కరెంట్ అంతా ఒక్క చోట పోగై సిలికాన్ కరిగిపోయే జబ్బు ఉంటుంది, దాన్ని సెకండ్ బ్రేక్‌డౌన్ అంటారు. ఆ జబ్బుకి అది బాగా తట్టుకునేది. 1970ల మధ్యలో తయారీ ఎపిటాక్సియల్ పద్ధతికి మారింది. స్పీడ్ 2.5 మెగాహెర్ట్జ్‌కి పెరిగింది, కానీ ఎక్కువ వోల్టేజ్ దగ్గర పాతదానంత మొండితనం లేదు. నంబర్ మాత్రం మారలేదు.

నెమ్మది ట్రాన్సిస్టర్‌ని దృష్టిలో పెట్టుకుని డిజైన్ చేసిన కొన్ని సర్క్యూట్లలో స్పీడ్‌ది పెడితే, మన చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో అది తనంతట తనే ఊగడం మొదలుపెడుతుంది. పాట మామూలుగానే వస్తుంటుంది, హీట్‌సింక్ మాత్రం కాలిపోతుంటుంది. మన గొడవలో గంట తర్వాత వచ్చిన పొగకి ఇదొక కారణం కావచ్చు.

రెండో కారణం అసలైన డూప్లికేట్. దీనికి ఇప్పుడు ఎక్కువగా బలయ్యేది తోషిబా జత 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943. జపాన్ పద్ధతిలో బాడీ మీద 2ఎస్ వేయరు, సీ5200, ఏ1943 అనే ఉంటుంది. నకిలీ వాటిలో చిన్న చవక ముక్క పెట్టి, పైన పెద్ద నంబర్ కొడతారు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో అవి కూడా ఒరిజినల్ లాగే చూపిస్తాయి, లోడ్ పడ్డాకే బండారం బయటపడుతుంది. కెపాసిటెన్స్ మీటర్ ఉంటే బేస్-ఎమిటర్ మధ్య కొలిచి, నమ్మకమైన దానితో పోల్చండి. ముక్క చిన్నదైతే విలువ బాగా తక్కువ వస్తుంది. తోషిబాలోనే వీటి తర్వాతి తరం టీటీసీ5200, టీటీఏ1943 ఉన్నాయి.

సరే, మన ముందున్న యాంప్‌ని ఎలా చూడాలి? ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లలో చార్జ్ పోయిందో లేదో మీటర్‌తో చూడండి, షాక్ గట్టిగా ఉంటుంది. తర్వాత కలెక్టర్-ఎమిటర్ మధ్య షార్ట్ చెక్ చేయండి. టీఓ-3లో ఇనుప బాడీయే కలెక్టర్. పోయినదాన్ని మాత్రమే మార్చి ఊరుకోవద్దు. ఎమిటర్ రెసిస్టర్లు, డ్రైవర్లు, బయాస్ డయోడ్లు కూడా చూడాలి, ఒకటి పోతూ పక్కదాన్ని లాక్కెళ్తుంది. అవుట్‌పుట్ దగ్గర కెపాసిటర్‌తో కలిసి ఉండే చిన్న రెసిస్టర్ మాడి ఉంటే, ఇందాక చెప్పిన ఊగుడుని అనుమానించండి. మైకా ముక్క, హీట్‌సింక్ పేస్ట్ కొత్తవి వేయండి. ఆ 115 వాట్లు బాడీ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే. 100 డిగ్రీలకి చేరితే మిగిలేది సుమారు 66 వాట్లే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తీసేసి, సిరీస్‌లో పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే ప్రకాశంగా ఉండిపోతే ఇంకా షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. ప్లస్, మైనస్ రెండు సప్లైలు ఉన్న యాంప్ అయితే స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ దాదాపు సున్నా రావాలి. అది చూడకుండా స్పీకర్ తగిలిస్తే ఈసారి కాలేది కాయిల్.

పార్ట్ కొనడం కోఠి గుజరాతీ గల్లీలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా నంబర్ ఒక్కటే అడిగి వచ్చేయకండి. ఏ కంపెనీది, ఎక్కడి నుంచి వచ్చిందని కూడా అడగండి, ఆ కంపెనీ డేటాషీట్ ఫోన్‌లోనే తెరిచి చూడండి. మెకానిక్ ఈ ప్రశ్నలు అడిగి, పాత పార్ట్ మీద కంపెనీ గుర్తు కూడా చూసి, రెండు రోజులు టైమ్ కావాలన్నాడంటే విసుక్కోకండి. మీ యాంప్ మళ్లీ కాలకుండా చూసేది ఆ రెండు రోజులే. ఇంట్లో పాత యాంప్ ఉంటే, కవర్ తీయకుండా వెనక హీట్‌సింక్ మీద ఏ నంబర్ ఉందో చూసి చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.