హీటర్ ప్లగ్: బెంజ్ లారీ నుంచి ఛోటా హాథీ దాకా



దేవరయాంజాల్ అనగానే చాలామందికి సీతారామస్వామి గుడి, ఆ గుడి భూముల గొడవ గుర్తొస్తాయి. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడే సంగతి, ఇవాళ దాని జోలికి పోను. ఇవాళ మాట్లాడుకునేది ఆ ఊరి గోదాముల ముందు చలికాలం పొద్దున వినబడే ఒక చప్పుడు గురించి.

అటు మేడ్చల్ మీదుగా నాగపూర్ హైవే, ఇటు శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. మధ్యలో గోదాములు. సరుకు వచ్చేది పెద్ద లారీల్లో, సిటీలోకి పోయేది చిన్న ట్రాలీల్లో. డిసెంబరు, జనవరిల్లో ఈ శివార్లలో పొద్దున పూట చలి 10 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. అప్పుడు చూడండి, పెద్ద లారీ రెండో సెల్ఫ్‌కి అందుకుంటుంది. పక్కనున్న చిన్న డీజిల్ ట్రాలీ మాత్రం కిర్రు కిర్రుమని తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు.

ఒక డ్రైవరు నాతో అన్న మాట ఇది: "బ్యాటరీ కొత్తదే అన్నా. సెల్ఫ్ మోటారు కూడా చేయించిన. ఎండెక్కినంక ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయితది, పొద్దుగాల్నే సతాయిస్తది." మొదటి ట్రిప్పు పోతే ఆ రోజు కిరాయిలో పెద్ద ముక్క పోయినట్టే. బ్యాటరీకి, సెల్ఫ్‌కి పెట్టిన డబ్బు అదనం. ఆయన మాటలోనే జబ్బు పేరు ఉంది: ఎండెక్కాక స్టార్టవుతుంది. ఇక్కడి నుంచి చరిత్రలోకి వెళ్దాం.

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింది భాగం చెయ్యి కాలేంత వేడెక్కడం మీరు చూసే ఉంటారు. అదే సూత్రం. చిక్కంతా మొదటి నిమిషంలోనే. ఇనుమంతా చల్లగా ఉంటుంది, సెల్ఫ్ ఇంజనుని నెమ్మదిగా తిప్పుతుంది, నొక్కిన గాలిలో కొంత రింగుల పక్కనుంచి జారిపోతుంది, మిగిలిన దాని వేడిని సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి. డీజిల్ పడుతుంది, కానీ అంటుకోదు. తెల్ల పొగగా బయటికి వస్తుంది.

ఈ చిక్కు డీజిల్ కంటే పాతది. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో పేటెంటు తీసుకున్న ఆయిల్ ఇంజనుకి తలమీద ఒక ఇనుప బుడ్డి ఉండేది. స్టార్ట్ చేసే ముందు బ్లో ల్యాంపు పెట్టి కొన్ని నిమిషాలపాటు ఆ బుడ్డిని కాల్చాలి. ఒకసారి నడవడం మొదలైతే దాని మంట దాన్నే వేడిగా ఉంచుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజనుకి ఈ బుడ్డి అక్కర్లేదు. కానీ ఇంధనాన్ని లోపలికి ఊదడానికి దానికో గాలి కంప్రెసరు కావాలి. అంత బరువు మోసుకుని లారీ ఏం తిరుగుతుంది?

దారి చూపించినవాళ్లలో ఒకరు బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్. సిలిండర్ పైన ఒక చిన్న గది పెట్టి, డీజిల్ ముందు అందులో అంటుకునేలా చేశాడు. 1909 నాటి ఆలోచన ఇది. అక్కడ మొదలైన మంట సన్నటి రంధ్రాల గుండా సిలిండర్లోకి దూకుతుంది. కంప్రెసరు బెడద తీరింది. 1923లో బెంజ్ డీజిల్ లారీ వచ్చింది. అయితే ఈ చిన్న గదికి ఒక గుణం ఉంది. లోపలి ఖాళీ తక్కువ, చుట్టూ ఇనుప గోడ ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు గాలి వేడిని బాగా తాగేస్తుంది. అందుకే ఆ గదిలోకి ఒక తీగ దూర్చి, బ్యాటరీ కరెంటుతో ఎర్రగా కాల్చాల్సి వచ్చింది. అదే గ్లో ప్లగ్. మన మెకానిక్‌లు దాన్ని హీటర్ ప్లగ్ అంటారు. నాకైతే ఆ పేరే బాగుంది, పనిని చెబుతుంది. ఇంతకీ అది స్పార్క్ ప్లగ్ చుట్టం కాదు. పాతకాలం బుడ్డి కింద పెట్టిన మంటకి వారసురాలు.

ఇది మన రోడ్డు మీదికి ఎలా వచ్చింది? టెల్కో కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారు చేసింది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన ఆ లారీ మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. ఊళ్లలో బెంజ్ లారీ అనేవాళ్లు. జర్మనీ నుంచి వచ్చిన ఆ ఇంజనులో లోరాంజ్ గది ఉంది, గదికో ప్లగ్ ఉంది.

ఆ కాలపు బెంజ్ బండ్లలో స్విచ్చు లాగితే మొదటి మెట్టులో ప్లగ్‌లు కాలడం మొదలవుతుంది. డ్యాష్‌బోర్డులో చిన్న జాలీ వెనక ఒక తీగ నెమ్మదిగా ఎర్రబడుతుంది. అది ఎర్రబడేదాకా ఆగి, తర్వాత రెండో మెట్టు లాగితే సెల్ఫ్ తిరుగుతుంది. ప్లగ్‌లు, ఆ తీగ అన్నీ ఒకే వరసలో కలిపి ఉండేవి, పెళ్లి పందిట్లో పాతకాలపు సీరియల్ బల్బుల్లాగ. ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోతాయి. అందులో ఒక మేలు కూడా ఉంది: తీగ ఎర్రబడకపోతే ఎక్కడో తెగిందని కూర్చున్నచోటే తెలిసిపోతుంది. పోయిన ప్లగ్ రెండు కొసలకీ తీగ ముక్క చుట్టి బండి నడిపించొచ్చు కూడా. కానీ మిగతా వాటి మీద కరెంటు పెరిగి అవీ త్వరగా కాలిపోతాయి.

1969లో ఆ ఒప్పందం ముగిసింది, నక్షత్రం పోయింది. తర్వాత పెద్ద లారీలు డైరెక్ట్ ఇంజెక్షన్ దారి పట్టాయి. అంటే చిన్న గది తీసేసి, పిస్టన్ తల మీది గుంటలోకే డీజిల్ చిమ్మడం. వేడి తాగే గోడ తగ్గింది, డీజిల్ ఖర్చూ తగ్గింది. లేలాండ్ లారీలది ముందునుంచీ ఆ పద్ధతే. మన ఎండల దేశంలో అలాంటి ఇంజనుకి ప్లగ్ లేకపోయినా గడిచిపోతుంది. అలా పెద్ద లారీల డ్రైవర్లు హీటర్ ప్లగ్‌ని మెల్లగా మరిచిపోయారు.

2005లో టాటా ఏస్ వచ్చింది. జనం పెట్టిన పేరు ఛోటా హాథీ. రెండు సిలిండర్లు, సుమారు 700 సీసీ, మళ్లీ అదే చిన్న గది పద్ధతి. దాంతో హీటర్ ప్లగ్ మన గల్లీల్లోకి తిరిగొచ్చింది. కానీ ఈసారి వచ్చింది పెన్సిల్ ప్లగ్: తీగ బయటికి కనబడదు, సన్నటి లోహపు గొట్టంలో పొడి మధ్య దాగి ఉంటుంది. వేటికవి విడిగా బ్యాటరీకి కలుస్తాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కాలుతుంది. ఇది మెరుగే. కానీ తిరకాసూ ఇక్కడే ఉంది. ఒకటి పోయిన సంగతి డ్రైవరుకి తెలియదు. ఆరు సిలిండర్ల బండిలో ఒక ప్లగ్ పోతే ఆరో వంతు నష్టం. రెండు సిలిండర్ల బండిలో సగం ఇంజను చల్లబడినట్టే. సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాలి, బ్యాటరీ దిగిపోతుంది, నింద బ్యాటరీ మీద పడుతుంది.

మన డ్రైవరు బండిలో జరిగింది ఇదే. మెకానిక్ రెండు ప్లగ్‌లనీ కలిపే పట్టీ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొసని బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొసని ఒక్కో ప్లగ్‌కి ఆనించాడు. ఒకదానికి బల్బు వెలిగింది, రెండోదానికి వెలగలేదు. బ్యాటరీకి పెట్టిన డబ్బులో ఏ మూలకీ రాదు ఆ ప్లగ్ ఖరీదు.

అన్నట్టు, స్టార్ట్ కాని బండికి కొందరు ఈథర్ స్ప్రే కొడతారు. హీటర్ ప్లగ్ ఉన్న బండికి ఆ పని చేయకండి. ఎర్రగా కాలిన ప్లగ్‌కి ఈథర్ తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలి రింగులు, పిస్టన్ విరగ్గొడుతుంది. గాలి పీల్చే గొట్టం దగ్గర మండే గుడ్డ పట్టుకునేవాళ్లనీ చూశాను, అది ఇంకా ప్రమాదం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో ఈ ప్లగ్‌ని ఎంతసేపు కాల్చాలో కంప్యూటరే చూసుకుంటుంది. కొన్నిట్లో ఇంజను అందుకున్నాక కూడా కాసేపు కాలుస్తుంది, తెల్ల పొగ తగ్గడానికి. పాత బండి ఉన్నవాళ్లు మాత్రం తాళం తిప్పాక ఆ చుట్టల గుర్తు లైటు ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.