మా ఓటు ఎవరి ఖాతాలో?

1998 ఫిబ్రవరిలో అమ్మీ ఫజర్ నమాజు చదివి, బురఖా వేసుకుని పోలింగు లైన్లో నిలబడింది. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆమె ఓటుకు ఒకటే లెక్క. మసీదు కూలగొట్టినవాళ్లు ఢిల్లీ గద్దె ఎక్కకూడదు. తెలుగుదేశం అప్పుడు యునైటెడ్ ఫ్రంట్‌లో ఉంది. ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబు నాయుడే. సైకిల్ మీద ముద్ర గుద్ది వచ్చింది.

బీజేపీకి 182 సీట్లొచ్చాయి. తెలుగుదేశానికి 12. మార్చి 24న ఆ పార్టీ ఎంపీ బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు. 28న వాజపేయి ప్రభుత్వం 274–261తో విశ్వాస పరీక్ష నెగ్గింది. తేడా 13 ఓట్లే. తెలుగుదేశం ఎదురు నిలబడితే ఆ ప్రభుత్వం నిలిచేది కాదు. అమ్మీ గోటి మీద సిరా ఇంకా పోనేలేదు.

మమ్మల్ని ఓటు బ్యాంకంటారు. బ్యాంకులో సొమ్ము దాచినవాడికి లెక్క చెబుతారు. మా సొమ్ము తీసి ఎవరి చేతిలో పెడుతున్నారో మాకు ఒక్కమాట చెప్పారా? బీజేపీని ఆపమని వేసిన ఓటే దాన్ని గద్దెనెక్కించింది. ఓడిపోతే ఇంత బాధుండేది కాదు.

1999లో ఆ ముసుగూ పోయింది. రెండు పార్టీలూ పొత్తు పెట్టుకునే పోటీ చేశాయి. అమ్మీ మళ్లీ లైన్లో నిలబడింది. “ఎందుకమ్మీ?” అన్నాను.

“పోకపోతే మనం లేమనుకుంటారు బేటా!”

ఎవరికి వేసిందో మాత్రం ఈసారి చెప్పలేదు.