మా అత్తయ్య పద్దుల పుస్తకాలు

2021 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవారు దాదాపు 59 వేల మంది. మనమంతా ఇక్కడికి ఎలా వచ్చామని పిల్లలు అడిగితే మనం చెప్పే కథ ఇంచుమించు ఒకటే. 1986లో మొదలైన ఎంసెట్, ఊరూరా వెలిసిన ఇంజనీరింగ్ కాలేజీలు, 2000 సంవత్సరానికి ముందు వై2కే హడావిడి, ఆ తర్వాత పాయింట్లు లెక్కపెట్టి తెచ్చుకున్న పర్మనెంట్ రెసిడెన్సీ. ఇదంతా నిజమే. కానీ ఈ కథ మధ్యలోంచి మొదలవుతుంది. ఆ కాలేజీ ఫీజులు ఎవరు కట్టారు? కొన్ని ఇళ్ళలో పొలం అమ్మారు. కొన్ని ఇళ్ళలో అప్పు చేశారు. మరికొన్ని ఇళ్ళలో ఒక మేనత్తో, పెద్దమ్మో ఉండేది. చిన్న వయసులో భర్త పోయి పుట్టింటికి చేరి, ఆలస్యంగా చదువుకుని, టీచరుగానో నర్సుగానో ఉద్యోగంలో చేరి, నెలనెలా జీతం ఇంటికి తెచ్చిన మనిషి.

మా ఇంట్లో ఆ మనిషి మా నాన్నగారి అక్కయ్య, మాకు అత్తయ్య. 2023లో తన 87వ ఏట తెనాలి దగ్గర మా సొంత ఊళ్ళో కన్నుమూశారు. మా కుటుంబం ఆవిడ గురించి చెప్పుకునే జ్ఞాపకాలు, ఆవిడ వదిలివెళ్ళిన పద్దుల పుస్తకాలు ఆధారంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది చదివాక మీలో చాలామందికి మీ ఇంటి మనిషే గుర్తుకు వస్తుందని నా నమ్మకం.

గడప దాటి లోపలికి రాని చట్టాలు

వితంతు పునర్వివాహాలకు చట్టం 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. బాల్యవివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలన్న ఆ హద్దును 1949లో 15కి పెంచారు. స్కూలు పుస్తకంలో ఈ సంవత్సరాలు వరుసగా చదివితే సమాజం మెట్టు మెట్టుగా పైకి వచ్చినట్టు అనిపిస్తుంది.

మా అత్తయ్యకు పెళ్ళయింది 1950లో, పద్నాలుగో ఏట. చట్టం పదిహేను అంది, మా తాతయ్య మంచి సంబంధం పోతుందన్నారు. తాతయ్య మాటే చెల్లింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ భర్త టైఫాయిడ్ జ్వరంతో పోయారు. ఆ తేదీ ఎప్పుడని అడిగితే అత్తయ్య క్యాలెండరు లెక్క చెప్పేవారు కాదు. "పొట్టి శ్రీరాములుగారు పోయిన వారంలోనేరా. గొడవలతో రైళ్ళు తిరగలేదు. గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోయే దారి లేకపోయింది" అనేవారు. అంటే 1952 డిసెంబరు మూడో వారం. ఆ 15న మద్రాసులో శ్రీరాములుగారు అసువులు బాశారు, 19న నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. తెలుగువాళ్ళు సంబరపడిన ఆ వారం అత్తయ్యకు పదహారేళ్ళు. "మీకందరికీ రాష్ట్రం వచ్చింది, నాకు తెల్లచీర వచ్చింది" అని నవ్వుతూనే అనేవారు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మన సమాజంలో మళ్ళీ పెళ్ళి అన్ని కులాల్లోనూ నిషిద్ధం కాదు. కష్టం చేసుకుని బ్రతికే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. పై కులాల్లోనూ, నాలుగు ఎకరాలు చేరి వాళ్ళలాగే ఉండాలనుకున్న కుటుంబాల్లోనూ అది పరువు తక్కువ అయింది. మా తాతయ్యది ఆ రెండో రకం ఇల్లు. కాబట్టి మా అత్తయ్యకు మళ్ళీ పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి స్త్రీకి ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చినప్పుడు కూడా, అత్తవారింటికి వెళ్ళి అడిగినవారు లేరు. ఆరేళ్ళపాటు ఆవిడ లోకం వంటిల్లు, పశువుల కొట్టం, నూతి గట్టు.

గడప దాటించిన రెండేళ్ళ చదువు

చట్టాలు చేయలేని పని ఒక చిన్న కోర్సు చేసింది. దాని వెనుక అర్ధ శతాబ్దపు కృషి ఉంది. పదకొండో ఏట భర్తను పోగొట్టుకున్న సిస్టర్ సుబ్బలక్ష్మి 1911లో పట్టభద్రురాలై, మరుసటి సంవత్సరం మద్రాసులో వితంతు బాలికల కోసం ఆశ్రమం, చదువు ఏర్పాటు చేశారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం స్థాపించారు. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్ళి చేయబడి, పెద్దయ్యాక ఆ పెళ్ళి నుంచి బయటకు వచ్చిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించారు. ఇంట్లో మగ్గిపోతున్న ఆడవాళ్ళను మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం ఆ సభ మొదటి పనుల్లో ఒకటి.

ఆ దుర్గాబాయమ్మగారే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మద్రాసులో చూసిన ఫలితాన్ని 1958లో దేశమంతటికీ పథకంగా మార్చారు. దాని పేరు కండెన్స్‌డ్ కోర్సు. చిన్నప్పుడు బడి మానేసిన స్త్రీలను రెండేళ్ళలో మెట్రిక్ స్థాయికి తీసుకురావడం, అక్కడినుంచి టీచరు, నర్సు, గ్రామసేవిక శిక్షణలకు పంపడం దాని ఉద్దేశం. ఇందులో దయ ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. పంచవర్ష ప్రణాళికల్లో పల్లెపల్లెకూ బడులు, ఆస్పత్రులు పెడుతున్నారు, వాటిలో పనిచేసే చదువుకున్న ఆడవాళ్ళు లేరు. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి 12 మందే. ఒకపక్క ఖాళీ ఉద్యోగాలు, ఇంకోపక్క ఇళ్ళలో ఖాళీగా కూర్చోబెట్టిన వితంతువులు. ఆ రెంటినీ కలపడమే ఆవిడ చేసిన గొప్ప పని.

మా ఊరి బడి పంతులుగారు ఈ కోర్సు సంగతి చెప్పగానే తాతయ్య వద్దన్నారు. "వద్దంటే రేపు మనం పోయాక దీనికి కూడెవరు పెడతారు?" అని అడిగింది మా నాయనమ్మ. ఆవిడకు చదువు రాదు. తన కాసుల పేరులోంచి రెండు కాసులు తీసి కూతురి చేతిలో పెట్టింది. 1959లో అత్తయ్య గుంటూరులో ఒక మహిళా సంస్థ హాస్టల్లో చేరారు. 1961లో మెట్రిక్, ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్. 1963లో రేపల్లె వైపు ఒక పంచాయతీ సమితి స్కూల్లో ఉద్యోగం వచ్చింది. పంచాయతీ రాజ్ మన రాష్ట్రంలో 1959లో వచ్చింది కాబట్టి ఆ సమితులూ, ఆ బడులూ, ఆ టీచర్లూ అందరూ కొత్తవాళ్ళే. ఆ మొదటి జీతంతోనే తెల్లచీర మానేసి రంగు చీర కట్టుకున్నారట. ఊళ్ళో నాలుగు రోజులు గుసగుసలాడారు. తర్వాత వాళ్ళ పిల్లల్నే తీసుకొచ్చి ట్యూషన్లో కూర్చోబెట్టారు.

పద్దుల్లో కనిపించే చరిత్ర

అత్తయ్య పోయాక ఆవిడ ట్రంకు పెట్టెలో ముప్పై ఒక్క పద్దుల పుస్తకాలు దొరికాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏడాదికి ఒకటి. మొదటి దాంట్లో నయాపైసలతో సహా లెక్క ఉంది. ప్రతి నెలా మొదటి పద్దు ఇంటికి పంపిన మనియార్డరు, రెండోది దాని కమీషను. సొంత ఖర్చు ఎప్పుడూ ఆఖరున ఉంటుంది.

1964 నుంచి "తమ్ముడి ఫీజు", "తమ్ముడికి పుస్తకాలు", "తమ్ముడికి చెప్పులు" కనిపిస్తాయి. ఆ తమ్ముడు మా నాన్నగారు. ఆయన డిగ్రీ అయ్యేవేళకు 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు, పల్లెటూళ్ళలో బ్రాంచీలు తెరవసాగారు. 1971లో నాన్నగారికి బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ నెల పద్దుల్లో "గుడిలో కొబ్బరికాయ, మిఠాయి" అని ఉంది. మనియార్డరు మాత్రం ఆగలేదు. తమ్ముడి వంతు అయిపోయి, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ వంతు వచ్చింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. కృష్ణకు ఇటువైపున ఉన్న రేపల్లె తీరం కూడా తుఫానులో అల్లాడింది. మొత్తం మీద పదివేల మందికి పైగా పోయారు. ఏనాడూ పద్దు తప్పని ఆ పుస్తకంలో ఆ తర్వాత పన్నెండు రోజులు ఖాళీ. డిసెంబరులో మొదటి పద్దు: "పంచినవి – చీరలు 6, పలకలు 20." బడి గదిలో తలదాచుకున్నవారికి ఆ రోజుల్లో ఆవిడే గంజి కాచి పోసిందని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అత్తయ్య మాత్రం ఆ పన్నెండు రోజుల గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు.

1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1994లో 58 ఏళ్ళు నిండి రిటైరయ్యారు. 1998లో నా వంతు వచ్చింది. 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అని రెండు రకాలు ఉండేవి. నాకు వచ్చింది పేమెంటు సీటు. రిటైరైనప్పుడు చేతికొచ్చి బ్యాంకులో వేసుకున్న డబ్బు అత్తయ్య నాలుగేళ్ళలో నాలుగు సార్లు తీశారు. నాన్నగారు మొహమాటపడితే, "నీకిచ్చినప్పుడు అడిగావా? వాడికిచ్చేటప్పుడు ఎందుకు అడుగుతావు?" అన్నారు. 1959లో దుర్గాబాయమ్మగారి పథకం మా ఇంట్లో పెట్టిన పెట్టుబడి ఆ విధంగా మెల్బోర్న్ దాకా వచ్చింది.

మెల్బోర్న్‌లో మూడు నెలలు

2012లో అత్తయ్య విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. పార్కులు, బీచీలు ఆవిడకు పెద్దగా పట్టలేదు. మా అమ్మాయి చదివే ప్రైమరీ స్కూలు గేటు దగ్గర నిలబడి, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలని అడిగారు. నేను చెప్పిన అంకె విని, "నాకు రెండు క్లాసులు కలిపి ఎనభై ఏడుగురు" అన్నారు.

ఆ రోజుల్లోనే ఆవిడకు ఇక్కడి చరిత్ర ఒకటి చెప్పాను. విక్టోరియా రాష్ట్రంలో 1956లో చట్టం మారేవరకు పెళ్ళయిన ఆడవాళ్ళు పర్మనెంటు టీచర్లుగా ఉండటానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ నిషేధం 1966 దాకా ఉంది. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేయాల్సిందే. అత్తయ్య చాలాసేపు ఆలోచించి, "ఇక్కడ పెళ్ళయితే ఉద్యోగం పోయేది. అక్కడ మొగుడు పోతే గానీ నాకు ఉద్యోగం రాలేదు. ఎక్కడైనా ఆడదాని జీతానికి మొగుడితోనే లంకె పెట్టారన్నమాట" అన్నారు. అభివృద్ధి చెందిన దేశం, వెనుకబడిన దేశం అని మనం గీసే గీత ఆ ఒక్క మాటతో చెరిగిపోయింది.

ఏ ఫారంలోనూ ఇమడని మనిషి

అత్తయ్యను మా దగ్గరే ఉంచుకోవాలని నాకుండేది. తల్లిదండ్రుల కోసం ఉన్న వీసాలు మేనత్తకు వర్తించవు. ఒంటరిగా ఉండి, మన మీద ఆధారపడిన వృద్ధ బంధువుల కోసం ఒక వీసా ఉంది. అందులో మేనత్త కూడా వస్తుంది. కానీ ఏటా ఇచ్చేవి చాలా తక్కువ, వరుసలో నిరీక్షణ దశాబ్దాల లెక్క. పైగా ఆవిడ నా మీద ఆధారపడినట్టు చూపించాలి. జీవితమంతా మేము ఆవిడ మీద ఆధారపడిన ఇంట్లో ఆ కాగితం ఎలా తయారు చేసేది?

మన సొంత పద్ధతులు కూడా ఆవిడకు ఇంతకన్నా చోటివ్వలేదు. ఆవిడ పోయిన రోజున పురోహితుడుగారు గోత్రం అడిగారు. పెళ్ళయిన స్త్రీకి భర్త గోత్రమే గోత్రం. డెబ్బై ఏళ్ళ క్రితం పోయిన ఆ భర్త గోత్రం ఎవరికీ తెలియదు. పెళ్ళినాటికి మా నాన్నగారికి రెండేళ్ళు. చివరికి గోత్రం తెలియనివారికి చెప్పే కాశ్యప గోత్రం చెప్పి కర్మ కానిచ్చారు. రెండేళ్ళు కూడా నిండని కాపురం ఆవిడ చిరునామా అయింది. డెబ్బై ఏళ్ళు ఉన్న ఇల్లు ఆవిడది కాకపోయింది. మా బాబాయి గీయించిన వంశవృక్షంలో ఆవిడ పేరు దగ్గర కొమ్మ ఆగిపోతుంది, కింద గీత లేదు. మా నాన్నగారి చదువు, మా అత్తల పెళ్ళిళ్ళు, నేను, నా పిల్లలు ఆ గీత లేని చోటి నుంచే వచ్చామని ఆ కాగితం చూసినవారికి తెలియదు.

మన సభలన్నీ ఈ నేల తొలి ప్రజలను స్మరించుకుని మొదలవుతాయి. ఆబొరిజినల్ సమాజాల్లో గౌరవనీయులైన పెద్ద స్త్రీని ఆంటీ అని పిలవడం ఒక మర్యాద. ఆవిడకు పిల్లలున్నారా అని ఎవరూ చూడరు, తరాన్ని పెంచిందా అనే చూస్తారు. మన భాషలో అత్తయ్య, పెద్దమ్మ, పిన్ని అన్న మాటలకు అంత బరువూ ఉంది. దానిని కాగితం మీదికి తేవడమే మిగిలింది.

అందుకే ఈ సభలకు వచ్చిన మీకందరికీ నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో అటువంటి పెద్దావిడ ఉంటే ఈ వారంలోనే ఫోన్ చేయండి. సంవత్సరం అడిగితే చెప్పలేరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడా, ఉప్పెన అప్పుడా అని అడగండి, అన్నీ చెబుతారు. పెన్షను పుస్తకం, మనియార్డరు రసీదులు, పాత పద్దులు చిత్తు కాగితాల కింద పోకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆవిడ పోయి ఉంటే, మీ వంశవృక్షంలో ఆవిడ పేరు కింద ఒక గీత గీసి, ఆవిడ చదివించినవారి పేర్లు రాయండి. మా ఇంటి కాగితంలో ఆ గీత కింద ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి.