చైనా కత్తుల కుచ్చులు, గుడ్డలు

చైనా సంప్రదాయ కత్తుల పిడి చివర కట్టే పట్టుకుచ్చులు, తాళ్లు, రంగు గుడ్డలు. రెండంచుల నిటారు కత్తి ‘జియెన్’కు కట్టే కుచ్చును ‘జియెన్‌సుయ్’ అంటారు. ఒకే అంచు ఉండే ‘దావ్’కు సాధారణంగా గుడ్డ కడతారు.

చరిత్ర: హాన్ వంశ కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) సైనికులు వాడిన దావ్ పిడి చివర లోహపు వలయం ఉండేది. తాడో గుడ్డో కట్టడానికి అది అనువైనది. చింగ్ వంశ కాలపు (1644–1912) కత్తులు చాలావాటికి పిడిలో రంధ్రం కనిపిస్తుంది. అందులోంచి దూర్చిన తాడును మణికట్టుకు చుట్టుకుంటే కత్తి చేజారదు. జియెన్ పండితులకు, అధికారులకు హోదా చిహ్నం కూడా కావడంతో దాని కుచ్చుకు అలంకారపు ముడులు, పూసలు చేరాయి. కుచ్చు ఉన్నది పండిత ఖడ్గమని, లేనిది యుద్ధ ఖడ్గమని సంప్రదాయం విభజిస్తుంది. 1933లో చైనా మహాకుడ్యం వద్ద జపాన్ సేనలను ఎదిరించిన 29వ సైన్యం వల్ల పేరుకెక్కిన ‘దాదావ్’ కత్తిని చిత్రాల్లో తరచు ఎర్రగుడ్డతో చూపుతారు.

ప్రయోజనం: గుడ్డ శత్రువు చూపును మరల్చుతుందని, పిడికి అంటిన నెత్తురును తుడవడానికి పనికొస్తుందని యుద్ధవిద్యా గురువులు చెబుతారు.

నేటి వాడుక: చైనా యుద్ధవిద్య వుషు ప్రదర్శనల్లో దావ్‌కు రంగు గుడ్డ, జియెన్‌కు కుచ్చు మామూలే. పొడవాటి కుచ్చుతో చేసే ఖడ్గవిన్యాసం ప్రత్యేక శాఖ. కుచ్చు చేతికి, కత్తికి చుట్టుకోకుండా తిప్పడం అందులోని అసలు నైపుణ్యం. 1957లో చైనాలో రూపొందించిన 32 భంగిమల తైచీ ఖడ్గవిన్యాసాన్ని కుచ్చుతోనూ, కుచ్చు లేకుండానూ సాధన చేస్తారు.